సాంతె వేసిన మడత

నివెస్ రవన్యాన్ ఇటలీలోని మురానో ద్వీపంలో నలభై నాలుగేళ్లపాటు, కప్పు నుంచి వేలాడే గాజు షాండ్లియర్లు కట్టింది, విప్పింది. ఆ పనిలో రెండూ ఉంటాయి. జోర్జాన్ వారి కార్ఖానాలో కింద కొలిమి దగ్గర మగవాళ్లు చేసిన గాజుముక్కలు చల్లబడ్డాక మేడమీద కూర్పు గదికి చేరేవి. అక్కడ ఆడవాళ్లు వాటిని తుడిచి, ఇత్తడి చట్రానికి ఒక్కొక్కటే తగిలించి, దీపం వెలిగించి చూసేవారు. అంతా సరిపోయిందనుకున్నాక ప్రతి ముక్కకీ అంకె వేసిన చీటీ అంటించి, మళ్లీ మొత్తం విప్పి, గడ్డి పరిచిన పెట్టెల్లో సర్దేవారు. ఎక్కడో మిలాన్‌లోనో రోమ్‌లోనో దాన్ని మళ్లీ కట్టుకునేవాళ్లకి ఆ అంకెలే ఆధారం. నివెస్ అంకెలు వేసిందంటే తప్పు ఉండదని పేరు. గాజుపలకని గోటితో మీటి, ఎక్కడైనా వెంట్రుకవాసి పగులుంటే చప్పుడులోనే పట్టేసేది.

ఆమె తల్లి క్షయతో పోయేనాటికి నివెస్‌కి పన్నెండేళ్లు, తమ్ముడు సాంతెకి ఆరు. తండ్రి ఇసుక పడవ నడిపేవాడు. ఇంటికి వస్తే తినడం, పడుకోవడం తప్ప ఆయనకి మరో ధ్యాస ఉండేది కాదు. కాబట్టి సాంతెని పెంచింది నివెసే. వాడిది ఎడమచేతి వాటం. బడిలో పంతులు ఆ చేతిని బల్లకి కట్టేసి కుడిచేత్తో రాయించేవాడు. సాయంత్రం ఇంటికొచ్చాక మణికట్టు మీద తాడు గుర్తులకి నివెస్ ఆలివ్ నూనె రాసేది.

కొలిమిలో చేరాక ఆ చేతికి ఇంకా పెద్ద పరీక్ష ఎదురైంది. గాజు మేస్త్రీ కూర్చునే బల్ల, గాజు ఊదే గొట్టం దొర్లించే చువ్వలు, పనిముట్ల కొక్కేలు అన్నీ కుడిచేతివాళ్ల కోసం పుట్టినవే. ముసలి మేస్త్రీలు నవ్వేవారు. "ఒరేయ్ సాంతె, నీ చేతికి దారి తెలీదురా. మీ అక్క గౌను పట్టుకుని నడవమను" అనేవారు. సాంతె పట్టించుకోలేదు. ఒక ఆదివారం తనే బల్ల విప్పి అద్దంలో బొమ్మలా అటుదిటు మార్చి బిగించుకున్నాడు. ఇరవై అయిదో ఏట మేస్త్రీ అయ్యాడు. ఆ వయసుకి మేస్త్రీ కావడం ఆ కార్ఖానాలో అంతకుముందు జరగలేదు. నవ్వినవాళ్లే ఆ రోజు వాడికి వైన్ పోయించారు.

పందొమ్మిది వందల యాభై ఏడు జనవరిలో మిలాన్ నుంచి గ్వాల్తియెరో మెరోని అనే ఆర్కిటెక్టు వచ్చాడు. యుద్ధం తర్వాత వచ్చిన కొత్తతరం మనిషి. పాతకాలపు షాండ్లియర్లలోని పూలూ తీగలూ ఆయనకి గిట్టవు. తిన్నని గీతలు, మందమైన తేట గాజు, సన్నని ఇత్తడి, అంతే. తూరిన్‌లో కొత్తగా కడుతున్న సినిమాహాలుకి ఒక షాండ్లియర్ గీసుకొచ్చాడు. అరచేతి మందాన రెండువందల నలభై పలకలు, వలయాలు వలయాలుగా, వాన పడుతూ పడుతూ మధ్యలో ఆగిపోయినట్టు ఉంటుంది. అంతకన్నా ముందు వసంతంలో మిలాన్‌లో జరిగే పెద్ద ప్రదర్శనలో దాన్ని పెట్టాలి. ఆ కాగితాన్ని నివెస్ దీపం కిందికి లాక్కుని వలయాలు లెక్కపెట్టింది. ఆ వారమే ఆమెని కూర్పు గదిలో అందరికీ పెద్దని చేశారు.

చిక్కు ఒక్కటే. ఒక్కో పలకకీ పైన ఒక కన్నం వేసి, కడ్డీకి తగిలించాలని ఆయన గీశాడు. గాజు ఆ బరువు మోయలేకపోయింది. కన్నం దగ్గరే పగులు పుట్టి కిందికి పాకేది. మొదటి యాభై పలకల్లో నలభై మూడు పోయాయి. కన్నం చిన్నది చేశారు, పెద్దది చేశారు, తోలు ముక్క పెట్టారు. లాభం లేదు. నివెస్ మిలాన్‌కి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పింది. మెరోని చాలాసేపు విని, కన్నాలు పనికిరావంటే ఇంకేదో దారి చూడండి, అంచు సంగతి ఆలోచించండి, నేనూ ఆలోచిస్తానని పెట్టేశాడు.

ఆ మాట నివెస్ కొలిమి దగ్గర ఎవరికీ చెప్పలేదు. చెప్పేందుకు అందులో ఏమీ లేదు. పైగా ఆమె కిందికి వెళ్లేసరికి సాంతె చేతిలో పని నడుస్తోంది. అచ్చులోంచి తీసిన పలక ఇంకా ఎర్రగా ఉండగానే వాడు ఎడమచేత్తో పట్టకారు తీసుకుని పైఅంచుని పట్టి, దుప్పటి అంచు వెనక్కి మడిచినట్టు ఒక్క ఊపులో మడిచాడు. పలక చల్లబడ్డాక దాన్ని మేడమీదికి తెచ్చి కడ్డీ మీద పెట్టాడు. తీగమీద ఆరేసిన బట్టలా అది నిలబడిపోయింది. కన్నం లేదు, కొక్కెం లేదు. దీపం వెలిగిస్తే ఆ మడతలో వెలుగంతా చేరి, పలక మొత్తం కిందిదాకా నీళ్లు జారినట్టు మెరిసింది.

"ఎలా వచ్చిందిరా నీకీ ఆలోచన?" అంది నివెస్.

"గాజు ఎటూ వంగుదామనే చూస్తుంది కదక్కా. వద్దు వద్దని మనమే నిటారుగా నిలబెడుతున్నాం. వంగనిచ్చాను" అన్నాడు సాంతె.

నాలుగు రోజుల్లో వాడు ముప్పై ఒక్క పలకలు చేశాడు. ఎడమచేత్తో లాగడం వల్ల ప్రతి మడతా ఎడమవైపుకి ఒక పిసరు వాలి ఉండేది. కావాలని చూస్తే తప్ప తెలియదు.

మెరోని వచ్చి చూసి సాంతె భుజం మీద చెయ్యి వేసి, శభాష్ మేస్త్రీ అన్నాడు. ఆ రాత్రికే హోటల్లో కూర్చుని గీతలన్నీ మార్చాడు. కడ్డీల మధ్య ఎడం తగ్గించాడు, వలయాలు పెంచాడు, కొత్త చట్రం వచ్చేదాకా పలకల పని ఆపమన్నాడు. మడత వచ్చాకే ఆ షాండ్లియర్‌కి ప్రాణం వచ్చిందని అందరికీ తెలుసు. అందులో ఆయన ప్రతిభ లేదనడానికి లేదు. వాన లాంటి ఆ ఆకారం ఆయనదే. పోతూ పోతూ నివెస్‌తో, "ఈ కార్ఖానాలో నా గీతలు చదవగలిగింది మీరొక్కరే. మిలాన్‌లో దీన్ని కట్టడానికి మీరే రావాలి" అన్నాడు. నివెస్ అప్పటికి దగ్గర్లోని పాదువా ఊరు దాటి వెళ్లింది లేదు.

మార్చిలో ప్రదర్శన వాళ్ల పుస్తకం అచ్చు నమూనా ఆఫీసుకి వచ్చింది. షాండ్లియర్ బొమ్మ, కింద మెరోని పేరు, జోర్జాన్ కార్ఖానా పేరు. పక్కన నాలుగు వాక్యాలు, అందులో రెండు మడత గురించే. ఆర్కిటెక్టు కొత్తగా కనిపెట్టిన పద్ధతి అని. అది సాంతె కంటపడింది. వాడు నేరుగా యజమాని అల్వీజె జోర్జాన్ దగ్గరికి వెళ్లాడు. జీతం పెంచమని అడగలేదు. మడత వేసింది మేస్త్రీ సాంతె రవన్యాన్ అని ఒక్క ముక్క చేర్చమన్నాడు.

అప్పుడు మెరోని కూడా కార్ఖానాలోనే ఉన్నాడు. పెద్దాయన నివెస్‌ని పిలిపించాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి సాంతె టోపీ చేత్తో పట్టుకుని తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. మెరోని కిటికీ దగ్గర సిగరెట్ కాలుస్తున్నాడు. ఆయన ముఖంలో దొంగతనం లాంటిదేమీ లేదు. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నవాడిలా ఉన్నాడు.

"నివెస్ గారూ, ఆ రోజు ఫోన్‌లో నేను మీతో అంచు గురించి అన్నాను కదా? మడవడం గురించి ఏదో చెప్పినట్టే నాకు గుర్తు" అన్నాడు.

నివెస్ అల్వీజె జోర్జాన్ వైపు చూసింది. ఆయన బెదిరించలేదు, కళ్లు కూడా పెద్దవి చేయలేదు. బల్లమీద మెరోని తెచ్చిన మరో రెండు థియేటర్ల గీతలు చుట్టలు చుట్టి ఉన్నాయి. ఆ పని చేజారితే ఆ ఏడు చలికాలంలో ఒక కొలిమి ఆర్పేయాల్సి వస్తుందని కార్ఖానాలో అందరికీ తెలుసు. నలభై మంది. అదంతా ఆమె మనసులో మెదిలిన మాట నిజమే. కానీ అంతకన్నా ముందు మెదిలింది మిలాన్ రైలు. తనని గారూ అని పిలిచిన ఆ గొంతు.

"చెప్పే ఉంటారు ఆర్కిటెక్ట్ గారూ" అంది.

సాంతె అక్కవైపు ఒకసారి చూశాడు. టోపీ పెట్టుకుని కిందికి దిగి, సగంలో ఉన్న పని పూర్తి చేశాడు. శనివారం దాకా వచ్చాడు. ఆ శనివారం తన బల్లని మళ్లీ విప్పి, తర్వాత కూర్చోబోయేవాడికి వీలుగా కుడివైపుకి మార్చి బిగించాడు. వాడు మాట్లాడకుండా ఉన్న ఆ వారంలో నివెస్ ఇంట్లో మొక్కజొన్న పిండితో పోలెంతా వండిపెడుతూ, మాట పెదవులదాకా తెచ్చుకుని మింగేసింది. వాడే అరుస్తాడు, అరిచాక చెబుదాం అనుకుంది. వాడు అరవలేదు. నీటికి అవతల మార్గెరాలో రసాయన కార్ఖానాలో కుదిరి, మెస్త్రెలో గది తీసుకుని వెళ్లిపోయాడు. మిగతా రెండువందల తొమ్మిది పలకలు ఇంకో మేస్త్రీ చేశాడు. మడత వేయడం ఒకసారి చూశాక ఎవరికైనా వస్తుంది.

ఏప్రిల్‌లో నివెస్ మిలాన్ వెళ్లింది. నిచ్చెన మీద నిలబడి నలుగురు మగవాళ్లకి అంకెలు చెబుతూ షాండ్లియర్ కట్టించింది. దీపాలు వెలిగాక కింద నిలబడ్డ జనమంతా ఒక్కసారి తలలెత్తారు. మెరోని ఆమెని తన భార్యకి పరిచయం చేశాడు. కుంకుమపువ్వు వేసిన అన్నం తినిపించారు. ట్రాములో ఊరంతా తిరిగింది. తర్వాత ఎన్నేళ్లు గడిచినా ఆ నాలుగు రోజులకన్నా సంతోషంగా గడిపిన రోజులు ఆమెకి గుర్తుకు రాలేదు. తమ్ముడి విషయంలో తను చేసినదానికి నలభై కుటుంబాల సాకు చెప్పుకోవచ్చు. ఆ సంతోషానికి మాత్రం ఏ సాకూ దొరకలేదు.

సాంతె అక్కతో మాట్లాడటం మానేయలేదు. మానేస్తే బాగుండేదని నివెస్ ఎన్నోసార్లు అనుకుంది. వాడు ఒనోరీనా అనే దర్జీ పిల్లని పెళ్లి చేసుకున్నాడు. ఆ పెళ్లిలో నివెస్ తల్లి స్థానంలో నిలబడింది. ఏటా క్రిస్మస్‌కి కేకు తీసుకుని పడవెక్కి, బస్సెక్కి మెస్త్రె వెళ్లేది. పొగమంచు గురించి, పడవల సమ్మె గురించి, సంతెరాస్మో ద్వీపం నుంచి వచ్చే ఆర్టిచోకు కూరగాయలు ఈ ఏడు చేదుగా ఉన్నాయని మాట్లాడుకునేవారు. వాళ్లింట్లో నడిమింటి దీపానికి ప్లాస్టిక్ చిప్ప ఉండేది. గాజు మాట ఎవరూ ఎత్తేవారు కాదు. వంటింట్లో ఒనోరీనాతో కలిసి గిన్నెలు కడుగుతూ నివెస్ చెబుదామని రెండు మూడుసార్లు ఉపక్రమించింది. నీళ్లు చల్లగా ఉన్నాయని అనేసి ఊరుకుంది.

డెబ్బై తొమ్మిదిలో తూరిన్ సినిమాహాలు మూతపడింది. షాండ్లియర్ పెట్టెల్లో తిరిగి జోర్జాన్ వారి పెరట్లోకి వచ్చింది. అప్పటికి మెరోని లేడు. ఆ రకం షాండ్లియర్ల మోజూ పోయింది. అందరికీ నారింజరంగు ప్లాస్టిక్ దీపాలు కావాలి. ఎవరూ కొనలేదు. ఒక శీతాకాలమంతా పెట్టెలు వానలో నానాయి. పెద్దాయన కొడుకు నివెస్‌తో, "పెరడు ఖాళీ చేయించండి. తేట గాజే కదా, కరిగించుకోవచ్చు" అన్నాడు.

పెట్టెలు ఆమే విప్పింది. మడత ఎడమకి వాలిన పలకలు ఒక్కొక్కటే చేతికి తగిలాయి. చూడనక్కర్లేదు, వేలు పెడితే తెలిసేది. ముప్పై ఒకటీ వేరుగా పెట్టింది. ఒక్కటి ఏప్రన్‌లో చుట్టి ఇంటికి తీసుకెళ్లినా అడిగేవాడు లేడు. కానీ ఇంట్లో ఎక్కడ పెట్టాలి? సాంతె ఎప్పుడైనా వస్తే, అది వాడి కంటపడితే, ఏమని చెప్పాలి? మాట తీయడానికి భయపడ్డ మనిషి వస్తువుని చూసి ఇంకా భయపడింది. ముక్కల పీపాలోకి ఆ ముప్పై ఒకటి తనచేత్తోనే వేసింది. కొన్ని వెంటనే పగల్లేదు. ఇనపకర్రతో కొట్టాల్సి వచ్చింది. సోమవారానికి అదంతా కరిగి టీపాయి కాళ్లయింది.

ఎనభై తొమ్మిదిలో ఆమె పని మానేసింది. తొంభై ఒకటిలో సాంతె కూరగాయల బజారులో నిలబడి ఉండగా గుండె ఆగి పోయాడు. కబురందాక నివెస్ పడవ రేవుకి నడిచింది. ఎక్కాల్సిన పడవ వచ్చి వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడింది. తర్వాతి పడవలో వెళ్లింది.

మరో అయిదేళ్లకి కోస్తాన్సా అనే చదువుకున్న అమ్మాయి మిలాన్ నుంచి ఆమెని వెతుక్కుంటూ వచ్చింది. మెరోని మీద పుస్తకం రాస్తోందట. ఆయన షాండ్లియర్లకి మళ్లీ రోజులొచ్చాయి, వేలం పాటల్లో ఎగబడి కొంటున్నారు. ఆ పిల్లకి ఒక సందేహం పట్టుకుంది. ఆర్కిటెక్టు కాగితాల్లో జనవరి దాకా అన్నీ కన్నాలే, ఆ తర్వాత ఉన్నట్టుండి మడత. మధ్యలో ఒక్క గీత కూడా లేదు. "కాగితం మీద ఆలోచించిన మనిషి చెరిపేసిన గీతలు ఎక్కడో ఉండాలి కదండీ" అంది.

నివెస్ అంతా చెప్పింది. ఫోన్‌లో అన్నదేమిటో, అననిదేమిటో. తను అన్న మాట కూడా దాచలేదు. ముప్పై తొమ్మిదేళ్లుగా రాని మాటలు ఒక పరాయి పిల్ల ముందు, కాఫీ చల్లారకముందే వచ్చేశాయి. కోస్తాన్సా రాసుకుంటూ రాసుకుంటూ ఆగి, ఆ మొదటి పలకల్లో ఒక్కటున్నా చాలని, ఎడమచేతి వాటం రుజువైపోతుందని, అవెక్కడున్నాయో తెలుసా అని అడిగింది.

"నేనే పగలగొట్టానమ్మా" అంది నివెస్.

పుస్తకం వచ్చింది. రెండువందల పదమూడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక గమనిక. మడత ఆలోచన కొలిమి మేస్త్రీ సాంతె రవన్యాన్‌ది అని అతని అక్క చెబుతున్నారు, ఇతర ఆధారాలు లభించలేదు అని. నివెస్ ఆ పేజీలో పాత మిలాన్ ట్రాము టికెట్ పెట్టుకుని మెస్త్రె వెళ్లింది.

ఒనోరీనా కళ్లజోడు పెట్టుకుని గమనికని రెండుసార్లు చదివింది. వంటింట్లో సార్దీన్ చేపలు, ఉల్లిపాయలు పుల్లటి సిర్కాలో ఊరుతున్న వాసన. నివెస్ బల్లకి ఇటువైపు కూర్చుని, ఆ రోజు ఆఫీసులో జరిగింది చెప్పడం మొదలుపెట్టింది. ఒనోరీనా మధ్యలో ఆపింది.

"అదంతా నాకు తెలుసు వదినా. పెళ్లికి ముందే చెప్పాడు."

"నన్ను తిట్టుకున్నాడా?"

"మొదటి ఏడాది మండిపడేవాడు. తర్వాత లేదు. పెద్దాయన ముందు నిలబెట్టి అడిగితే అక్క మాత్రం ఏం చేస్తుందిలే పాపం, నలభై మంది పొట్టలాయె, అనేవాడు." ఒనోరీనా కళ్లజోడు తీసి ఏప్రన్‌తో తుడిచింది. "కానీ నువ్వొచ్చి చెబుతావని చూశాడు వదినా. క్షమించమని కాదు. ఊరికే, అన్నాను రా, తప్పయింది అని. ప్రతి క్రిస్మస్‌కీ నువ్వు బస్సెక్కాక నన్ను అడిగేవాడు, 'వంటింట్లో నీతో ఏమైనా అందా?' అని. లేదనేదాన్ని. అయితే వచ్చే ఏడు అంటుందిలే అనేవాడు. ఒకటి రెండుసార్లు అబద్ధం చెబుదామా అనిపించింది. నా మొహం చూసి పట్టేస్తాడని ఊరుకున్నా."

నివెస్ ఏడవలేదు. ఎన్ని క్రిస్మస్‌లో లెక్కపెట్టబోయి ఆపేసింది. వాడు అరుస్తాడని ఆమె ఎదురుచూసింది, ఆమె చెబుతుందని వాడు ఎదురుచూశాడు. ఇద్దరి మధ్యా ఒక కేకు, ఒక పొగమంచు కబురు.

"వాడితో చెప్పాల్సింది పుస్తకంలో చెప్పాను" అంది.

"చెప్పావుగా. ఎక్కడో ఒకచోట ఉంది" అంది ఒనోరీనా. ఓదారుస్తున్నట్టు లేదు, తప్పు పడుతున్నట్టూ లేదు. పుస్తకం తన దగ్గర ఉంచుకోవచ్చా అని అడిగింది. నివెస్ దగ్గర ఉన్నది అదొక్కటే. ఇచ్చేసింది. తర్వాత ఇద్దరూ చేపలు, రొట్టె తిన్నారు.

అప్పటినుంచి ఆమె నెలకి రెండు గురువారాలు మెస్త్రె వెళుతోంది. ఒనోరీనా బట్టలు కుడుతూ సాంతె కబుర్లు చెబుతుంది. ఇటలీ ఫుట్‌బాల్ ఆటలో ఓడిన రోజు రేడియోని కాలువలో పడేయబోయాడని, మార్గెరాలో కార్మికుల పాటల జట్టులో మంద్రస్థాయి పాడేవాడని, ఉత్తరాలు కుడిచేత్తోనే రాసేవాడని. నివెస్ తెలియనిదానిలా కాదు, నిజంగా తెలియకే అడుగుతుంది. వాడికి పాటొచ్చని ఆమెకి తెలియదు. తన చేతుల్లో పెరిగిన తమ్ముడు ఆమెకి ఇరవై ఏడేళ్ల వరకే తెలుసు. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్లు బతికినవాణ్ని ఇప్పుడు వాడి భార్య దగ్గర కొద్దికొద్దిగా తెలుసుకుంటోంది. ఒనోరీనాకి డెబ్బై దాటుతున్నాయి. ఒక్కోసారి చెప్పిందే చెబుతుంది. నివెస్ ఆపదు.